మంటలో హైడ్రోజన్ కలిపితే ఎక్సర్జీ నష్టం నిజంగా తగ్గుతుందా? లెక్కలతో మాట్లాడుకుందాం

పీఎన్‌జీ_లైన్
అందరికీ నమస్కారం. సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ వంటింటి గ్యాస్‌లో 2023 జనవరి నుంచి హైడ్రోజన్ కలుపుతున్నారు. ముందు 5 శాతంతో మొదలైంది, 20 శాతం దాకా వెళ్లాలన్నది ఆలోచన. ఈ సందర్భంలో పేపర్లు చదువుతుంటే ఒక తికమక తేలడం లేదు. కొన్ని పేపర్లు హైడ్రోజన్ కలిపితే మంటలో ఎంట్రోపీ ఉత్పత్తి తగ్గుతుందంటాయి, కొన్ని పెరుగుతుందంటాయి. ఎంట్రోపీ ఎంత పుడితే ఎక్సర్జీ, అంటే పనిగా మార్చుకోగల శక్తి, అంత పోయినట్టు. రెండూ మీథేన్–గాలి మంటల మీదే. ఏది నమ్మాలి? రెండోది, బర్నర్ దగ్గర నిలబడ్డ మనిషికి దీనివల్ల మారేదేమిటి?

గిబ్స్‌రేఖ
రెండు రకాల పేపర్లూ నిజమే చెబుతున్నాయండి, కాకపోతే కొలిచేది వేర్వేరు.

ఒక ఘన మీటరుకు, ఒక సెకనుకు ఎంత ఎంట్రోపీ పుడుతోందని చూస్తే హైడ్రోజన్ మంటలో ఆ సంఖ్య ఎక్కువే. మంట పలచన, వేడి ఎక్కువ, ఉష్ణోగ్రత ఏటవాలు నిటారు. ఒక మెగాజౌల్ ఇంధనానికి మొత్తం ఎంత పుట్టిందని చూస్తే తక్కువ. ఇవి కాక మూడో రకం పేపర్లున్నాయి. వాటిలో ఇంధనం ఘనపరిమాణ ప్రవాహాన్ని మార్చకుండా హైడ్రోజన్ శాతం పెంచుతారు. హైడ్రోజన్‌లో ఘన మీటరుకు ఉండే శక్తి మీథేన్‌లో మూడో వంతు కూడా లేదు కాబట్టి మంట శక్తే పడిపోతుంది, దాంతో పాటు ఎంట్రోపీ కూడా పడిపోతుంది. దాన్ని మెరుగుదల అనడం తప్పు. ఏ గ్రాఫ్ చూసినా ముందు నిలువు అక్షాన్ని దేనితో భాగించారో చూడండి. ఇంధనం తెచ్చిన ఎక్సర్జీతో భాగించి ఉంటేనే రెండు మిశ్రమాలను పోల్చగలం.

ఇక అసలు సంఖ్యలు. 298 కెల్విన్, 1 అట్మాస్ఫియర్, ముందే కలిపిన మిశ్రమం, గాలి సరిగ్గా సరిపడినంత, వేడి బయటకు పోదు, దహనం పూర్తిగా జరిగింది అనుకుందాం.

మీథేన్: రసాయన ఎక్సర్జీ మోల్‌కు 831.6 కిలోజౌల్. పుట్టే ఎంట్రోపీ సుమారు 763 జౌల్/కెల్విన్. గూయ్–స్టొడోలా సూత్రం ప్రకారం దాన్ని 298తో గుణిస్తే 227 కిలోజౌల్ పనికిరాకుండా పోయింది. అంటే 27 శాతం.

హైడ్రోజన్: ఎక్సర్జీ 236.1 కిలోజౌల్. ఎంట్రోపీ సుమారు 161 జౌల్/కెల్విన్, పోయింది 48 కిలోజౌల్. అంటే 20 శాతం.

ఈ 7 పాయింట్ల తేడాకు కారణాలు రెండు. హైడ్రోజన్ కాలి ఆవిరయ్యే చర్యలో ఎంట్రోపీ మార్పే మోల్‌కు మైనస్ 44 జౌల్/కెల్విన్. మీథేన్‌కు అది మైనస్ 5 దగ్గర, దాదాపు సున్నా. రెండో కారణం, మెగాజౌల్‌కు కావాల్సిన గాలి మీథేన్‌కు 11.9 మోల్స్ అయితే హైడ్రోజన్‌కు 9.8 చాలు. వేడి చేయాల్సిన నైట్రోజన్ తగ్గింది కాబట్టి మంట వేడెక్కుతుంది. వేడి ఎంత ఎక్కువ ఉష్ణోగ్రతలో దొరికితే దాని విలువ అంత ఎక్కువ.

ఆవిరిగొట్టం
ఒక చిన్న మాట. హైడ్రోజన్ ఎక్సర్జీ దాని ఎల్‌హెచ్‌వీ (ఆవిరి నీరైతే వచ్చే వేడిని కలపకుండా, కాలినప్పుడు వచ్చే వేడి) కంటే తక్కువ, 241.8కి 236.1. మీథేన్‌కు ఎక్కువ, 802.3కి 831.6. అందుకని నష్టాన్ని ఎల్‌హెచ్‌వీతో భాగించే వాళ్లకు తేడా 8 పాయింట్లు దాటి కనిపిస్తుంది. ఏ హారం వాడారో రాయకపోతే పోలిక చెల్లదు.

పీఎన్‌జీ_లైన్
అయితే 20 శాతం కలిపితే 7 పాయింట్లలో ఐదో వంతు, అంటే 1.4 పాయింట్లు లాభం అనుకోవచ్చా?

గిబ్స్‌రేఖ
అనుకోకూడదండి. 20 శాతం అన్నది ఘనపరిమాణంలో. శక్తిలో అది 7 శాతం మాత్రమే. 50 శాతం కలిపితే శక్తిలో 23, 80 కలిపితే 55. రెండు చివరల విలువలనుంచి వేసిన అంచనా చూడండి: శుద్ధ మీథేన్ 27.4, 20 శాతం మిశ్రమం 26.9, 50 శాతం 25.8, 80 శాతం 23.6, శుద్ధ హైడ్రోజన్ 20.4. ఇంటి గ్యాస్ స్థాయిలో మీకు దక్కేది అర పాయింటు. కార్బన్ డయాక్సైడ్ తగ్గేదీ అదే 7 శాతం.

స్పార్క్‌టైమింగ్
హైడ్రోజన్ మంట వేగం స్టాయికియోమెట్రిక్ (గాలి సరిగ్గా సరిపడిన) మిశ్రమం దగ్గర సెకనుకు 2 మీటర్ల పైన, మీథేన్‌ది 40 సెంటీమీటర్ల లోపు. త్వరగా కాలితే నష్టం తక్కువన్న మాట ఇంజన్ వాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. మీ లెక్కలో మంట వేగం ఎక్కడా రాలేదేమిటి?

గిబ్స్‌రేఖ
రాదు కాబట్టే రాలేదు. నిలకడగా ఉన్న, వేడి పోని, ముందే కలిపిన మంటకు లోపలికి వచ్చే స్థితి తెలుసు, బయటకు వెళ్లే సమతౌల్య స్థితి తెలుసు. మొత్తం ఎంట్రోపీ ఆ రెండింటి తేడా. మధ్యలో మంట మిల్లీమీటరు మందమా, పావు మిల్లీమీటరా అన్నది ఆ మొత్తాన్ని మార్చలేదు. మారేది పంపకమే: ఉష్ణవహనం వాటా ఎంత, అణువుల వ్యాపనం వాటా ఎంత, రసాయన చర్య వాటా ఎంత అన్నది. స్నిగ్ధత వాటా లామినార్ (సుడులు లేని) మంటల్లో లెక్కకు రానంత చిన్నది. వేగం ఇంజన్‌లో లాభమిస్తుంది నిజమే, కానీ ఆ లాభం పిస్టన్ పైన ఉన్నప్పుడే దహనం ముగియడంవల్ల వచ్చేది. అది ఇంజన్ చక్రం సంగతి, మంట సంగతి కాదు.

మెష్‌గడి
దీనికి నేను ఒక షరతు జోడిస్తాను. ముందే కలపని మంటలో, అంటే డిఫ్యూజన్ మంటలో, కలవడానికయ్యే నష్టం అదనం. మీథేన్, గాలి వేరువేరుగా వచ్చి కలిస్తే మోల్‌కు 27.5 జౌల్/కెల్విన్, ఎక్సర్జీలో 1 శాతం. హైడ్రోజన్‌కు 17 జౌల్/కెల్విన్, కానీ దాని ఎక్సర్జీ చిన్నది కాబట్టి 2.2 శాతం. ఈ వాటా హైడ్రోజన్‌తో రెట్టింపు దాటుతుంది. పైగా హైడ్రోజన్ ఉష్ణవాహకత గది ఉష్ణోగ్రతలో మీటరు–కెల్విన్‌కు 0.18 వాట్, మీథేన్‌ది 0.034. జెట్ బర్నర్‌లో నష్టం ఎక్కడ పుడుతోందో రంగుల్లో చూపే కంప్యూటర్ మ్యాపుల్లో వహనం, వ్యాపనం ఎర్రగా వెలిగేది ఇందుకే. మ్యాపు చూసి నష్టం పెరిగిందనుకుంటారు. రసాయన చర్య వాటా అంతకంటే ఎక్కువ తగ్గిందా లేదా అన్నది మొత్తం కూడితే తప్ప తెలియదు.

బర్నర్‌ట్యూన్
పీఎన్‌జీ_లైన్ గారి రెండో ప్రశ్నకు వద్దాం, అసలు ముఖ్యమైనది అదే. ఆ అర పాయింటు లాభం బర్నర్ దగ్గరికి వచ్చేసరికి నష్టంగా మారుతుంది.

ఆక్సిజన్ సెన్సర్ లేని, గాలి ప్రవాహాన్ని బట్టి గ్యాస్ వాల్వ్ తెరుచుకునే ప్రీమిక్స్ బాయిలర్ తీసుకోండి. మీథేన్‌పై లాంబ్డా (ఇచ్చిన గాలికీ కావాల్సిన గాలికీ నిష్పత్తి) 1.25కి పెట్టారు. ఇప్పుడు 20 శాతం హైడ్రోజన్ మిశ్రమం వచ్చింది. మిశ్రమం సాంద్రత తక్కువ కాబట్టి అదే రంధ్రంలోంచి 10 శాతం ఎక్కువ ఘనపరిమాణం వెళ్తుంది. కానీ ఒక ఘనపరిమాణానికి కావాల్సిన గాలి 9.52 నుంచి 8.09కి పడింది. రెండూ గుణిస్తే కావాల్సిన గాలి 6 శాతం పైచిలుకు తగ్గింది. ఫ్యాన్ మాత్రం అదే గాలి తోస్తోంది. లాంబ్డా 1.25 నుంచి 1.33 దాటుతుంది. వోబ్ సూచిక (ఒకే రంధ్రంలోంచి గ్యాస్ ఎంత వేడి తెస్తుందో చెప్పే కొలత) 5 శాతం తగ్గినందుకు వేడి కూడా అంతే తగ్గుతుంది.

గాలి ఎక్కువైతే మంట చల్లబడుతుంది, ఎక్సర్జీ నష్టం పెరుగుతుంది. గిబ్స్‌రేఖ గారు, ఈ జారుడుకు ఎంత పడుతుందో చెప్పగలరా?

గిబ్స్‌రేఖ
ఈక్వివలెన్స్ రేషియో, అంటే లాంబ్డాకు తలకిందులు, 0.80 నుంచి 0.75కి జారినట్టు కదా. మీథేన్‌కు 1.0 దగ్గర 27, 0.5 దగ్గర 38 శాతం. ఆ వాలు ప్రకారం ఈ జారుడు ఖరీదు సుమారు 1 పాయింటు. హైడ్రోజన్ ఇచ్చింది అర పాయింటు. నికరంగా మీరు వెనక్కి వెళ్లారు. శుద్ధ హైడ్రోజన్‌కు కూడా ఇదే నియమం: 0.5 దగ్గర దాని నష్టం 31 శాతం, అంటే సరిపడా గాలితో కాలే మీథేన్ కంటే ఎక్కువ.

హైడ్రోజన్ పలచటి మిశ్రమంలోనూ కాలుతుంది నిజమే. కానీ ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకుంటే మంటలో పోయేది పెరుగుతుంది.

బర్నర్‌ట్యూన్
అందుకని ట్యూనింగ్ ఇలా చేయాలి.

ముందు అనలైజర్‌లో కార్బన్ డయాక్సైడ్ చూసి గాలి సరిచేసే అలవాటు మానాలి. లాంబ్డా 1.25 దగ్గర మీథేన్ పొడి ఫ్లూ గ్యాస్‌లో (నీటి ఆవిరి తీసేసిన పొగలో) ఆక్సిజన్ 4.6 శాతం, కార్బన్ డయాక్సైడ్ 9.2 శాతం. 20 శాతం మిశ్రమానికి అదే లాంబ్డా దగ్గర ఆక్సిజన్ 4.6 శాతమే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం 8.7కి దిగుతుంది. పాత పట్టిక చూసి 9.2 తెచ్చేదాకా గ్యాస్ స్క్రూ తిప్పితే లాంబ్డా 1.19 అవుతుంది. మంట వేడెక్కి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, మంట బర్నర్ డెక్‌కి (రంధ్రాలున్న పలకకు) దగ్గరవుతుంది, ఫ్లాష్‌బ్యాక్‌కు, అంటే మంట వెనక్కి దూరడానికి, దారి పడుతుంది. ఆక్సిజన్ చూసి పెడితే మిశ్రమం 0 నుంచి 20 దాకా ఊగినా సెట్టింగ్ దాదాపు సరిగ్గానే ఉంటుంది.

ట్యూన్ చేయకముందు కొలిస్తే 20 శాతం మిశ్రమంపై ఆక్సిజన్ 5.7, కార్బన్ డయాక్సైడ్ 8.1 దగ్గర కనిపించాలి. అలా కనిపిస్తే పైన చెప్పిన జారుడే జరిగిందని అర్థం. చాలా దూరంగా ఉంటే గాలి లీకు వెతకండి. ప్రోబ్ చుట్టూ సీలు సరిగా లేకపోయినా ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది.

రంధ్రాల సంగతి కూడా చూడాలి. హైడ్రోజన్ క్వెంచింగ్ దూరం (మంట ఆరిపోయేంత ఇరుకు సందు) 0.64 మిల్లీమీటరు, మీథేన్‌ది 2 మిల్లీమీటర్ల పైన. మీథేన్ మంటను ఆపే సందులోంచి శుద్ధ హైడ్రోజన్ మంట వెనక్కి దూరగలదు. 20 శాతం దగ్గర మామూలు బర్నర్ డెక్‌లు తట్టుకుంటాయి. ఇంగ్లాండ్‌లో కీల్ విశ్వవిద్యాలయం గ్యాస్ నెట్‌వర్క్‌లో హైడిప్లాయ్ పేరుతో 20 శాతం దాకా కలిపి, ఉన్న పరికరాలతోనే నడిపారు. కనిష్ఠ లోడుపై గ్యాస్ వేగం పడిపోయినప్పుడే అసలు ప్రమాదం. కాబట్టి పరీక్ష పూర్తి లోడుపై కాదు, కనిష్ఠ లోడుపై చేయాలి.

ఆవిరిగొట్టం
బాయిలర్ యజమానికి ఒక నిజం చెప్పాలి. 2200 కెల్విన్ మంటతో 70 డిగ్రీల నీళ్లు కాచే చోట, మంటలో అర పాయింటు మిగిల్చినా అది మంటకీ నీళ్లకీ మధ్య ఉష్ణ బదిలీలో పోతుంది. నీళ్ల బాయిలర్‌లో ఎక్సర్జీకి పెద్ద శత్రువు ఆ ఉష్ణోగ్రత తేడాయే. మంటలో మిగిల్చిన ఎక్సర్జీకి విలువ ఉండేది గాజు కొలిమి, గ్యాస్ టర్బైన్, ఇంజన్ లాంటి చోట్ల.

పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడినీ వాడుకునే కండెన్సింగ్ బాయిలర్ అయితే హైడ్రోజన్ వేరే దారిలో సాయం చేస్తుంది. మీథేన్ ఫ్లూ గ్యాస్ డ్యూ పాయింట్ (ఆవిరి నీరవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) అదనపు గాలి లేకుండా 59 డిగ్రీలు, శుద్ధ హైడ్రోజన్‌కు 72 దగ్గర. తిరిగి వచ్చే నీరు కొంచెం వేడిగా ఉన్నా ఆవిరి నీరవుతుంది. అందుకు తగ్గట్టు నీరు బయటకు పోయే గొట్టం కూడా సరిపోవాలి.

స్పార్క్‌టైమింగ్
ఇంజన్ వైపు. ఢిల్లీలో రాజ్‌ఘాట్ డిపోలో 2020లో ఇండియన్ ఆయిల్ వాళ్లు 18 శాతం హైడ్రోజన్ కలిసిన సీఎన్‌జీని బస్సుల కోసం మొదలుపెట్టారు. 18 శాతం అంటే శక్తిలో 6.2. మంటలో నష్టం దానివల్ల తగ్గేది అర పాయింటు కంటే తక్కువే. దహనం నిలకడ పెరగడం, కార్బన్ మోనాక్సైడ్ తగ్గడం అసలు లాభాలు.

అక్కడ చేయాల్సిన పని స్పార్క్‌ను రిటార్డ్ చేయడం, అంటే కాస్త ఆలస్యంగా ఇవ్వడం. మంట త్వరగా పాకుతుంది కాబట్టి పాత అడ్వాన్స్‌తో నడిపితే పీడనం పైకి వచ్చే పిస్టన్ మీద పడుతుంది, గోడలకు పోయే వేడి పెరుగుతుంది. హైడ్రోజన్ మంట గోడకు మరింత దగ్గరగా వెళ్లి ఆరుతుంది, కాబట్టి గోడ నష్టం అసలే ఎక్కువ.

లీన్ (గాలి ఎక్కువగా ఉన్న మిశ్రమంతో నడిచే) ఇంజన్‌లో మాత్రం గిబ్స్‌రేఖ గారి మాటను యథాతథంగా తీసుకోలేం. అక్కడ దహన నష్టం పెరుగుతుంది, నిజమే. కానీ గోడలకు పోయేది, ఎగ్జాస్ట్‌లో పోయేది, థ్రాటిల్ దగ్గర పోయేది తగ్గుతాయి. అందుకే లీన్‌లో బ్రేక్ సామర్థ్యం పెరగగలదు. ఒక్క మంట నష్టాన్నే తగ్గించాలని చూస్తే ఇంజన్ సామర్థ్యం దెబ్బతినవచ్చు.

గిబ్స్‌రేఖ
ఒప్పుకుంటున్నాను. గ్యాస్ టర్బైన్‌లోనూ అంతే. టర్బైన్ ముఖద్వారం ఉష్ణోగ్రతను లోహం నిర్ణయిస్తుంది, హైడ్రోజన్ కాదు. ఆ ఉష్ణోగ్రత కట్టేసి ఉన్నప్పుడు కంబస్టర్‌లో నష్టం తగ్గించే పెద్ద మీట గాలిని ముందే వేడి చేయడం.

ఆవిరిగొట్టం
హైడ్రోజన్ ఎక్కడినుంచి వచ్చిందో అడగకుండా ఈ లెక్క పూర్తి కాదు. ఎలక్ట్రోలైజర్ కిలో హైడ్రోజన్‌కు 50–55 యూనిట్ల కరెంటు తింటుంది. ఆ కిలోలో ఉండే ఎక్సర్జీ 32.5 యూనిట్లు. 20 శాతం మిశ్రమంలో ప్రతి 100 మెగాజౌల్ ఎక్సర్జీకి హైడ్రోజన్ వంతు 6.6. దాన్ని తయారుచేయడంలో పోయింది 3.6 నుంచి 4.6 మెగాజౌల్. మంటలో మిగిలింది అర మెగాజౌల్. హైడ్రోజన్ కలపడానికి కార్బన్ తగ్గడం అనే కారణం బలమైనది. ఎక్సర్జీ పొదుపు అనే కారణం నిలవదు.

ఒక్క మినహాయింపు ఉంది. ఎగ్జాస్ట్ వేడితోనే మీథేన్‌ను ఆవిరితో రిఫార్మ్ చేస్తే, అంటే హైడ్రోజన్‌గా మారిస్తే, లెక్క మారుతుంది. ఒక మోల్ మీథేన్, రెండు మోల్స్ ఆవిరి కలిసి నాలుగు మోల్స్ హైడ్రోజన్ ఇస్తాయి. ఎల్‌హెచ్‌వీ 802 నుంచి 967 అవుతుంది. ఆ అదనపు 165 కిలోజౌల్ వృథా వేడినుంచి వచ్చింది. ఆవిరి కాచడానికి ఇంకో 88 పడుతుంది, కానీ అది తక్కువ ఉష్ణోగ్రత వేడితో సరిపోతుంది. చిక్కల్లా 165 దగ్గరే. ఆ వేడి నికెల్ ఉత్ప్రేరకం దగ్గర 1000 కెల్విన్ ప్రాంతంలో కావాలి, ఎగ్జాస్ట్ అంత వేడిగా లేకపోతే మార్పిడి సగంలో ఆగుతుంది. సగంలో ఆగినా మిశ్రమానికి అది చాలు. ఆవిరి నిష్పత్తి మాత్రం తగ్గించకూడదు, తగ్గిస్తే ఉత్ప్రేరకం మీద మసి పేరుకుంటుంది.

పీఎన్‌జీ_లైన్
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఈ సంఖ్యలు సొంతంగా సరిచూసుకోవాలంటే దారి చెప్పండి. సీఎఫ్‌డీ (ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం) మ్యాపుల్ని ఎంత నమ్మాలి?

మెష్‌గడి
ముందు సీఎఫ్‌డీ లేకుండా చూసుకోండి. కాంటెరా అనే దహన లెక్కల సాఫ్ట్‌వేర్‌లో జీఆర్‌ఐ-మెక్ 3.0 అనే మీథేన్ చర్యల పట్టిక (మెకానిజం) తెరవండి. 298.15 కెల్విన్, 101325 పాస్కల్, మీథేన్ 1, ఆక్సిజన్ 2, నైట్రోజన్ 7.52 పెట్టండి. కిలోకు ఎంట్రోపీ రాసుకోండి. ఎంథాల్పీ, పీడనం స్థిరంగా ఉంచి సమతౌల్యం చేయించండి. మళ్లీ ఎంట్రోపీ చూడండి. తేడా కిలో–కెల్విన్‌కు 2.6 కిలోజౌల్ చుట్టూ రావాలి. మోల్‌కు ఉన్న ఎంట్రోపీని తీసివేయకండి, చర్యలో మోల్స్ సంఖ్య మారుతుంది. ద్రవ్యరాశి మారదు కాబట్టి కిలోకు ఉన్నదే వాడాలి. మీథేన్ మోల్‌కు మిశ్రమం 0.2907 కిలో, దానితో, ఆపైన 298.15తో గుణిస్తే నష్టం వస్తుంది. సమతౌల్యంలో విఘటనం (వేడికి అణువులు విడిపోవడం) కూడా ఉంటుంది కాబట్టి పైన ఇచ్చిన పూర్తి దహనం విలువ కంటే కొంచెం ఎక్కువ రావడం సహజం.

తర్వాత ఒక మితి మంట నడిపి ఎంట్రోపీ ఉత్పత్తిలోని మూడు పదాలనూ (వహనం, వ్యాపనం, రసాయన చర్య) విడదీయండి. రసాయన పదానికి ప్రతి చర్యకూ ముందుకు, వెనక్కి వెళ్లే రేట్ల తేడాను వాటి నిష్పత్తి లాగరిథంతో గుణించి, వాయు స్థిరాంకంతో గుణించండి. ప్రతి చర్యదీ ధనాత్మకంగానే రావాలి. ఎక్కడైనా రుణాత్మకం వస్తే థర్మో డేటా, రేటు డేటా పొసగడం లేదని అర్థం. మెకానిజంలో ఒకవైపే నడిచే చర్యలుంటే లాగరిథం అనంతమవుతుంది, అలాంటి మెకానిజం ఈ పనికి పనికిరాదు. ఒకే అడుగు గ్లోబల్ చర్య కూడా వద్దు. రాడికల్స్ ఉండవు, ఉష్ణోగ్రత ఎక్కువ చూపిస్తుంది, పంపకం మొత్తం తప్పుతుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడ:

వ్యాపన పదంలో ద్రవ్య భాగం హారంలో ఉంటుంది. సున్నా దగ్గర అది పేలిపోతుంది. ఒక కనిష్ఠ విలువ పెట్టి, దాన్ని పది రెట్లు మార్చినా మొత్తం కదలడం లేదని చూసుకోండి.

లూయిస్ సంఖ్య (వేడి పాకే వేగానికీ అణువులు పాకే వేగానికీ నిష్పత్తి) 1 అనుకుంటే హైడ్రోజన్ మంట మీద చేసిన పనంతా వృథా. లీన్ హైడ్రోజన్‌కు అది 0.3–0.4 దగ్గర. మల్టీకాంపొనెంట్ రవాణా, సోరెట్ ప్రభావం (ఉష్ణోగ్రత తేడావల్ల అణువులు కదలడం) రెండూ ఆన్ చేయాలి.

మంట మందంలో కనీసం 20 బిందువులు పడాలి. పీడనం పెరిగితే మంట సన్నబడుతుంది, మెష్ కూడా దానితో సన్నబడాలి.

రాన్స్‌లో (సుడుల ప్రవాహాన్ని సగటుగా లెక్కగట్టే పద్ధతిలో) సగటు ఉష్ణోగ్రత ప్రవణతను వర్గం చేసి వహన నష్టం అనకండి. నష్టంలో ఎక్కువ భాగం ఒడిదుడుకుల ప్రవణతల్లో ఉంటుంది. దాన్ని విడిగా మోడల్ చేయకపోతే వహనం వాటా కృత్రిమంగా చిన్నదిగా కనిపిస్తుంది.

చివరగా లెక్క సరిచూసుకోవడం. బయటకు వెళ్లే ఎంట్రోపీలోంచి లోపలికి వచ్చింది తీసేయండి, గోడలకు పోయిన వేడిని గోడ ఉష్ణోగ్రతతో భాగించి కలపండి. అది మూడు పదాల మొత్తానికి 1–2 శాతంలో సరిపోవాలి. సరిపోని మ్యాపు ఎంత అందంగా ఉన్నా ఏ హైడ్రోజన్ శాతం మంచిదో దాన్ని చూసి తేల్చకండి, ఎందుకంటే 20 శాతం దగ్గర మీరు వెతుకుతున్న తేడాయే అర పాయింటు.

బర్నర్‌ట్యూన్
ఒకటి కలుపుతాను. కొన్ని బాయిలర్లు మంటలోని అయొనైజేషన్ కరెంటు చూసి గాలి సరిచేసుకుంటాయి. ఆ అయాన్లు హైడ్రోకార్బన్‌నుంచి వచ్చేవి. హైడ్రోజన్ శాతం పెరిగే కొద్దీ సంకేతం మారుతుంది, అప్పుడు కంట్రోలర్ లెక్కగట్టే లాంబ్డా నిజమైనది కాదు. అలాంటి వాటిని మిశ్రమంపై నడిపే ముందు ఆక్సిజన్ అనలైజర్‌తో కనిష్ఠ, మధ్య, పూర్తి లోడు మూడు చోట్లా సరిచూడండి. శుద్ధ హైడ్రోజన్‌కు ఆ ప్రోబ్ మంటను గుర్తించడానికే పనికిరాదు, యూవీ సెన్సర్ లాంటిది పెట్టాలి.